తోలు ఫైలుకు మూడు పదునులు

సంపాదకులకు నమస్కారం.

స్వయం ఉపాధి శీర్షికల కింద తోలు ఫైళ్ల తయారీ గురించి పత్రికల్లో అప్పుడప్పుడు వ్యాసాలు వస్తుంటాయి. పెట్టుబడి గురించి, బ్యాంకు రుణం గురించి వివరంగానే రాస్తారు. అసలు పని మాత్రం ఒక్క వాక్యంలో తేలిపోతుంది: తోలును తడిపి, నగిషీ గుద్ది, రంగు వేసి, కుట్టాలి. తప్పేమీ లేదు. బియ్యం కడిగి, ఎసట్లో పోసి, వార్చాలి అన్నంత నిజం. ఎసరు ఎంత పెట్టాలో, మెతుకు ఎప్పుడు పట్టి చూడాలో చెప్పకపోతే కొత్తగా పొయ్యి దగ్గరికి వచ్చినవాళ్లు అన్నం మాడ్చుకుంటారు. తోలు విషయంలో మాడేది వందల రూపాయల సరుకు.

మన భాషలో పదును అనే మాటకు మూడు వాడకాలున్నాయి. పచ్చి చర్మాన్ని కుళ్లని తోలుగా మార్చడం పదును చేయడం. వాన పడ్డాక విత్తనానికి సరిపడా నేలలో ఉండే తడి పదును. కత్తి వాదరకు ఉండేదీ పదునే. చేతి నగిషీతో చేసే ఫైలు బాగుపడేదీ చెడిపోయేదీ ఈ మూడింటి దగ్గరే. వరంగల్, హనుమకొండ, కరీంనగర్‌లలో సన్మానాలకు, సదస్సులకు ఇలాంటి ఫైళ్లు కావాలనేవాళ్లున్నారు. చక్కగా కుట్టగల చేతులూ ఉన్నాయి. పని తెలిసినవాళ్లుగా మేం చెప్పదలచుకున్నది ఒక్కటే: చేతిని తప్పుపట్టే ముందు తోలునూ తడినీ చూడండి.

ముందు తోలు పదును. బజారులో దొరికే తోలులో ఎక్కువ భాగం క్రోమియం లవణాలతో పదును చేసింది. బూట్లు, జాకెట్లు, హ్యాండ్‌బ్యాగులు దాదాపు అన్నీ అదే. మెత్తగా ఉంటుంది, నీళ్లకు ఓర్చుకుంటుంది, రంగు బాగా పడుతుంది. నగిషీకి మాత్రం పనికిరాదు. ఎంత తడిపి ఎంత బలంగా గుద్దినా ఆరేసరికి స్పంజిలా పైకి లేస్తుంది, గీత మాసిపోతుంది. నగిషీ నిలిచేది చెట్టు బెరడుతో, కాయలతో పదును చేసిన తోలు మీదే. బెరడులోని టానిన్ అనే వగరు పదార్థం తోలు పీచుల సందుల్లో నిండి ఉంటుంది గనక, అది తడిసినప్పుడు మట్టిలా ఒదుగుతుంది, ఆరాక ఒదిగిన చోటే బిగుసుకుంటుంది.

ఇది మనకు పరాయి విద్య కాదు. బతుకమ్మలో పేర్చే తంగేడు పువ్వుంది కదా, ఆ చెట్టు బెరడే ఒకప్పుడు ఈ పనికి ఆధారం. ఊరి లందల్లో (తోలు ఊరవేసే తొట్లలో) ఊరి, మోట బొక్కెనగా, చెప్పుగా మారింది ఆ తోలే. తంగేడు బెరడుతో పదునైన తోలు మొదట లేత రంగులో ఉంటుంది, వెలుతురు తగిలేకొద్దీ ఎర్రబారుతుంది. అలా ఎర్రబారకుండా చివర్లో కరక్కాయ నీళ్లలో ఊరవేసేవారు. దక్షిణాదిలో ఇలా తయారైన తోలుకు వ్యాపారంలో ఈఐ టాన్డ్ అనే పేరు స్థిరపడింది. ఈస్ట్ ఇండియా అన్నదానికి అది పొట్టి పేరు. ఇప్పుడు తంగేడు స్థానంలో చాలా వరకు వాటిల్ అనే తుమ్మజాతి చెట్టు బెరడు సారం వచ్చింది, పద్ధతి మాత్రం అదే. డప్పుకు బిగించే తోలు, తోలుబొమ్మల తోలు ఈ లెక్కలోకి రావు. అవి శుభ్రం చేసి, గుంజి కట్టి ఎండబెట్టిన పచ్చి చర్మాలు. వాటిని తడిపితే వేలాడిపోతాయి తప్ప నగిషీ పట్టవు.

దుకాణంలో తేల్చుకోవడం కష్టమేమీ కాదు. కోసిన అంచు చూడాలి. క్రోమ్ తోలుకు లోపల నీలమో బూడిద రంగో చార కనిపిస్తుంది, బెరడు తోలుకు పైనుంచి కింది దాకా ఒకటే గోధుమ రంగు ఉంటుంది. లోపలి దాకా రంగు పట్టించిన తోలైతే ఈ గుర్తు దొరకదు. అప్పుడు వేలితో ఒక నీటి చుక్క వేయాలి. ఒకటి రెండు నిమిషాల్లో చుక్క ఇంకి, మచ్చ ముదిరి, ఆ తడి చోట గోరు నొక్కి తీస్తే గీత నిలిచిపోవాలి. చుక్క ముత్యంలా నిలబడిందంటే అది క్రోమ్ తోలన్నా కావాలి, పైన పూత అన్నా ఉండాలి. పూత ఉంటే బెరడు తోలైనా నగిషీకి పనికిరాదు, నీళ్లు లోపలికి పోవు. ముక్క కాల్చి బూడిద రంగు చూడమనేవాళ్లూ ఉన్నారు. క్రోమ్ తోలు పొగ పీల్చదగింది కాదు, గోరు పరీక్ష చాలు.

సరుకు తెప్పించుకోవాల్సింది తమిళనాడు నుంచే. ఆంబూరు, వాణియంబాడి, రాణిపేట, దిండిగల్, ఈరోడ్ తోలుకు పేరున్న ఊళ్లు, చిల్లరగా కావాలంటే చెన్నై పెరియమేడు ఉంది. ఈఐ టాన్డ్ అని మాత్రమే అడిగితే సరిపోదు. రంగు, పూత లేని నేచురల్ కావాలని చెప్పాలి, మందం మిల్లీమీటర్లలో చెప్పాలి. ఫైలు పైతోలుకు 1.8 నుంచి 2 మి.మీ. ఉండాలి. 1.5కు తగ్గితే నగిషీకి లోతు రాదు, 2.5 దాటితే వెన్ను దగ్గర మడత పడదు. కిప్ అనే చిన్న పశువుల తోలు దీనికి బాగుంటుంది. గేదె తోలు గరుకుగా ఉంటుంది, సన్నటి గీతలు దాని మీద తేలవు. గొర్రె తోలు పొరలు విడిపోతుంది. లోపలి అస్తరుకు, జేబులకు 0.7 లేదా 0.8 మి.మీ. మేక తోలు చాలు. ఏ తోలులోనైనా పొట్ట భాగం సాగుతుంది గనక ఫైలు వెన్ను ఆ భాగంలో రాకుండా కోసుకోవాలి.

కొలతలు. ఏ4 కాగితం 210 × 297 మి.మీ. మూసిన ఫైలు 250 × 330, వెన్ను 20, అంటే పరిచినప్పుడు 520 × 330. నగిషీకి ముందు నాలుగు వైపులా 10 మి.మీ. ఎక్కువ వదిలి 540 × 350గా కోయాలి. గుద్దుతుంటే అంచులు వంకరపోతాయి, అంతా అయ్యాక సరిచేసి కోసుకోవచ్చు. ఇది 2 చదరపు అడుగులకు కాస్త పైన. తరుగుతో కలిపి పైతోలు రెండున్నర, అస్తరుకూ జేబులకూ కలిపి మేక తోలు మూడున్నర చదరపు అడుగులు కొనాలి. అడిగినవారు ఏ కాగితం వాడతారో ముందే కనుక్కోవాలి. లీగల్ కాగితం 356 మి.మీ. పొడవు. ఇంకా అది వాడే వకీలుకు ఏ4 ఫైలు చేసిస్తే, ఎంత అందంగా ఉన్నా బీరువాలోకే పోతుంది.

ఇక రెండో పదును, తడి. ఎక్కువ మంది చెడగొట్టుకునేది ఇక్కడే, అందుకే కాస్త వివరంగా రాస్తున్నాం.

తడిసిన తోలును గుద్దితే అది పక్కలకు సాగుతుంది. ఆధారం లేకుండా గుద్దితే కవరు కొన్ని మిల్లీమీటర్లు పెరిగి, చతురస్రంగా గీసిన అంచు విల్లులా వంగుతుంది. అందుకని తడపకముందే, పొడిగా ఉన్నప్పుడే, లోపలి నూగు వైపు పాత ఎక్స్‌రే ఫిల్మును పలుచటి రబ్బరు సొల్యూషన్‌తో అంటించాలి. ఫిల్ము లేకపోతే వెడల్పాటి ప్యాకింగ్ టేపును నిలువుగా ఒక వరస, అడ్డంగా ఒక వరస వేయాలి. తడిపాక అంటిద్దామంటే అంటదు. నగిషీ పూర్తయి తోలు బాగా ఆరేదాకా దాన్ని తీయకూడదు.

నీళ్లు పట్టించేది స్పంజితో. బకెట్లో ముంచితే మెత్తబడి ఉబ్బుతుంది. పై వైపు మొత్తం, ఒక అంచు నుంచి మరో అంచు దాకా ఆగకుండా తుడవాలి. మధ్యలో ఆపితే ఆగిన చోట నీటి చార ఉండిపోతుంది, రంగు వేసినా పోదు. రెండు మూడు సార్లు అలా పట్టించి, పాలిథిన్ సంచిలో చుట్టి రాత్రంతా వదిలేయాలి. తడి లోపలి దాకా సమంగా పాకడానికి ఆ ఎనిమిది పది గంటలు కావాలి. పొద్దున తీసి విప్పి పెడితే పైన ముదురుగా ఉన్న రంగు మెల్లగా వెనక్కి మళ్లుతుంది. దాదాపు పొడి తోలు రంగు వచ్చి, ముంజేతికి ఆనిస్తే ఇంకా చల్లగా తగిలినప్పుడు పని మొదలుపెట్టాలి. నేల పైన ఆరి లోపల తేమ ఉన్నప్పుడు నాగలి దిగినట్టే ఇదీ. గడియారం చూసి చెప్పగలిగేది కాదు. వానకాలంలో గంట పడితే, మే నెల ఎండల్లో పావుగంట కూడా పట్టదు.

తడి సరిగ్గా ఉందో లేదో తోలే చెబుతుంది. అచ్చు పెట్టి గుద్దగానే దాని కింది భాగం ముదురు గోధుమ రంగుకు తిరగాలి. రంగు వేయకముందే నగిషీకి నీడ వచ్చేది ఆ మార్పు వల్లే. అచ్చు చుట్టూ నీరు చెమర్చిందా, తడి ఎక్కువ. ఆ గుర్తు ఆరేలోగా సగం పైకి లేస్తుంది. టక్కుమని ఎండుకట్టె చప్పుడు వచ్చి రంగు మారలేదా, తడి తక్కువ. ఇంకా బలంగా గుద్దితే లోతు రాదు, పై పొర పగులుతుంది. మధ్యలో ఆరిపోతే ఆరిన ముక్క వరకే నీళ్లు చల్లకూడదు, మొత్తం కవరును తేలిగ్గా తుడవాలి. చేతి కింద ఉన్న భాగం వదిలి మిగతాది పాలిథిన్‌తో కప్పుకుంటే ఎండకాలంలోనూ రెండు మూడు గంటలు నడుస్తుంది. పంకా కింద కూర్చోవద్దు. సగం పనిలో ఆపాల్సి వస్తే సంచిలో చుట్టి పెట్టవచ్చు కానీ వానకాలంలో రెండో రోజుకే బూజు మొదలవుతుంది. ఫ్రిజ్‌లో పెడితే ఇంకొన్ని రోజులు ఓపుతుంది, ఇంట్లోవాళ్లు ఒప్పుకుంటే.

తడి తోలుకు ఇనుము పగ. తుప్పు నీళ్లు, ఆకురాయి పట్టిన చేతి పొడి, ఇనుప గిన్నె అంచు, ఏది తగిలినా నల్లటి మచ్చ పడుతుంది. టానినూ ఇనుమూ కలిస్తే సిరా అవుతుంది. కలంకారీలో కరక్కాయ పట్టించిన బట్ట మీద తుప్పు ఇనుమూ బెల్లమూ ఊరిన నీళ్లతో నల్లగీత తీసేది ఈ గుణంతోనే. అక్కడ విద్య, ఇక్కడ మరక. మచ్చ పడిన వెంటనే నిమ్మరసం తుడిస్తే చాలా వరకు పలచబడుతుంది, తర్వాత మంచినీళ్లతో కవరు మొత్తం తుడవాలి. ఉక్కు ఉంగరం, గడియారం పట్టీ తీసి పక్కన పెట్టి కూర్చోవడం అంతకన్నా తేలిక.

గుద్దడానికి కింద ఆధారంగా గ్రానైట్ బండ కావాలి. ఇందులో మాత్రం మనకు కరువు లేదు, టాన్ బ్రౌన్ రాయి పుట్టిందే కరీంనగర్ క్వారీల్లో. కటింగ్ యూనిట్ల దగ్గర తెగిన ముక్కలు దొరుకుతాయి. 20 మి.మీ. పలక ఒక్కటైతే ఎగురుతుంది, రెండు మూడు అతికించి 12 × 18 అంగుళాల బండ చేసుకోవాలి. దాన్ని బల్ల మధ్యలో కాకుండా కాలు ఉన్న మూల మీద పెట్టాలి, కింద రబ్బరు షీటు వేయాలి. బల్ల ఊగితే సగం దెబ్బ బల్లకే పోతుంది.

మూడోది కత్తి పదును. నగిషీ గీతలు కోసేది స్వివెల్ కత్తితో. పైన చూపుడు వేలు ఆనే కొక్కి, కింద వేళ్ల మధ్య తిరిగే పిడి, కొసన చీల ఆకారపు (పైన మందంగా, కింద సన్నగా ఉండే) వాదర. సర్జికల్ బ్లేడుతో పని జరిగిపోతుందని చాలామంది అనుకుంటారు. ఆ బ్లేడు పలుచన, తోలును కోస్తుంది కానీ గీతను విప్పదు, కోసిన పెదవులు మళ్లీ కలిసిపోతాయి. స్వివెల్ వాదర చీలలా దిగి గీతను తెరిచి పెడుతుంది, గీత పక్కన తోలును వాలుగా అణిచే బెవెలర్ అచ్చు ఆ సందులోనే నిలబడాలి. లోతు తోలు మందంలో మూడో వంతు నుంచి సగం, అంతకు మించవద్దు. కత్తి పక్కకు ఒరగకూడదు, ఒరిగితే గీత కిందికి తవ్వుకుపోయి అంచు లేచిపోతుంది. పాలిష్ పట్టించిన తోలు పట్టీ మీద ఐదు పది నిమిషాలకోసారి వాదరను లాగాలి. కత్తి గుంజుతున్నదంటే వాదర మొద్దుబారిందన్నా అనుకోవాలి, తోలు ఎక్కువ తడిగా ఉందన్నా అనుకోవాలి. ముందు వాదర చూసుకోండి.

తెలుగు అక్షరాలు చెక్కేవాళ్లకు ఒక మాట. మన అక్షరాలు గుండ్రన, తిరిగే కత్తికి అనువైనవే. చిక్కంతా గీతలు కలిసే చోట ఉంది. కోతను కోత దాటితే ఆ కూడలిలో తోలు ముక్క లేచి వచ్చేస్తుంది. క రాసేటప్పుడు గీత తన మీదుగా తానే తిరుగుతుంది కదా, అక్కడ కత్తిని వెంట్రుక వాసి ముందే ఆపి, అటు పక్కన మళ్లీ దించాలి. తలకట్టును విడిగా కోయాలి. సున్న లోపలి బిళ్ల 5 మి.మీ. కన్నా చిన్నదైతే అది నిలవదు, అందుకని సున్నను కాస్త పెద్దగా గీసుకోవాలి, లోపలి వైపు బెవెలర్ వాడకుండా నెమ్మదిగా నొక్కాలి. అక్షరం ఎత్తు 20 మి.మీ.కి, గీత మందం 3 మి.మీ.కి తగ్గవద్దు. క్ష్మ, స్త్ర లాంటివి వస్తే కింద ఒత్తులకు చోటు వదలకుండా పైవరస గీసుకుని, తర్వాత అంచు గీతకు తగిలించి బాధపడేవాళ్లను చూస్తూనే ఉంటాం.

కాకతీయ తోరణం చెక్కమని అడిగేవాళ్లు ఫోటో తెచ్చి ఉన్నదున్నట్టు దించమంటారు. రాతిలో ఉన్న ప్రతి మొగ్గా తోలులో రాదు. రెండు కోతల మధ్య 3 మి.మీ. లేకపోతే బెవెల్ చేసేటప్పుడు మధ్య గోడ కూలుతుంది. 250 మి.మీ. కవరు మీద స్తంభాలు, అడ్డదూలాలు, పైన హంసలు ఉంచుకుని మిగతాది వదిలేస్తే చూడగానే తోరణమే అనిపిస్తుంది. హంస ఒక్కొక్కటి 25 మి.మీ. ఎత్తైనా ఉండాలి. అంచుకు 12 మి.మీ. లోపల, వెన్ను మడతకు 15 మి.మీ. దూరంలో నగిషీ ఆగిపోవాలి. మడత మీద చెక్కిన తీగ నెలలోపే చదునైపోతుంది.

గుద్దుడులో ఒక్క మెళకువ చెప్పి వదిలేస్తాం. బెవెలర్‌ను ఒక్కో దెబ్బకూ ఎత్తి పెడితే గీత పక్కన మెట్లు మెట్లుగా పడుతుంది. కొస గీతలో ఉండగానే, అచ్చు వెడల్పులో సగం కన్నా తక్కువ జరుపుతూ, అర కిలో నైలాన్ లేదా కట్టె గూటంతో తేలికపాటి దెబ్బలు వరసగా పడాలి. దెబ్బలు ఒకదాని మీద ఒకటి ఎక్కితేనే నునుపు వస్తుంది. అచ్చులు వంద అక్కర్లేదు. పెద్దదీ చిన్నదీ రెండు బెవెలర్లు, నీడ తెచ్చే పియర్ షేడర్, ఈనెలు వేసే వెయినర్, బొమ్మ వెనక నేలను అణిచే బ్యాక్‌గ్రౌండర్, గింజల్లాంటి చుక్కలు వేసే సీడర్ ఒక్కొక్కటి ఉంటే తీగలు, ఆకులు, తోరణం అన్నీ అవుతాయి. పెంబర్తిలో ఇత్తడి రేకు మీద పనిచేసేవాళ్లకు ఇలాంటి మొనలు కొత్త కాదు, గీసిన బొమ్మ పట్టుకుని వెళ్తే ఇత్తడి కడ్డీతో చేసివ్వగలరు. ఇత్తడితో మచ్చ భయమూ ఉండదు.

తర్వాతి పనులు క్లుప్తంగా. నగిషీ అయ్యాక నీడలో 24 గంటలు ఆరాలి, ఎండలో పెడితే తోలు పెళుసెక్కుతుంది. స్పిరిట్ రంగును మూడు వంతుల పలుచన ద్రవం కలిపి, గుండ్రంగా తిప్పుతూ మూడు పలచటి పూతలుగా వేయాలి. చిక్కటి ఒక్క పూత మచ్చలు మచ్చలుగా తాగుతుంది. ఆరాక తెల్లటి బట్టతో రుద్దుతూనే ఉండాలి, బట్టకు రంగు అంటడం ఆగేదాకా. ఈ ఒక్క మెట్టు దాటవేసినందుకు ఎన్ని తెల్లచొక్కాలు పాడయ్యాయో. నీట్స్‌ఫుట్ నూనె (పశువుల కాళ్ల నుంచి తీసేది) ఒక పలుచటి పూత, మళ్లీ ఒక రోజు విరామం. చెప్పులకు పట్టించినట్టు ఆముదం దట్టిస్తే లోపలి కాగితాలకు నూనె దిగుతుంది. చివరగా యాక్రిలిక్ ఫినిష్‌ను సగానికి సగం నీళ్లతో కలిపి రెండు సార్లు. మందంగా పోస్తే వెన్ను దగ్గర పగుళ్లు వస్తాయి.

అస్తరు అంటించడంలో అందరూ చేసే తప్పు ఒకటుంది. ఫైలును బల్ల మీద పరిచి అస్తరును అదే కొలతతో అంటిస్తారు. మూయగానే వెన్ను లోపల ముడతలు. మడతలో లోపలి పొర బయటి పొర కన్నా తక్కువ దూరం తిరుగుతుంది. 2 మి.మీ. పైతోలు, 0.8 అస్తరు అయితే రెండింటి నడిమి గీతల మధ్య దూరం 1.4. పూర్తి మడతకు తేడా దానికి 3.14 రెట్లు, అంటే 4 మి.మీ. పైచిలుకు. కనుక అస్తరును 520 కొలత వైపు 4 మి.మీ. పొట్టిగా కోయాలి. రెండు వైపులా సొల్యూషన్ రాసి, వేలికి అంటనంతగా ఆరనిచ్చి, ముందు ఒక కవరుకు అంటించాలి. తర్వాత 20 మి.మీ. చెక్క మీదుగా ఫైలును మడిచి, మడిచిన స్థితిలోనే వెన్నునూ రెండో కవరునూ అంటించాలి. జేబులను అంతకు ముందే అస్తరుకు కుట్టేయాలి. జేబు అంచులను 10 మి.మీ. మేర రంపెతో (తోలు చెక్కే కత్తితో) 0.5 మి.మీ.కి పలచగా చెక్కకపోతే మూలల్లో మూడు పొరలు గడ్డ కడతాయి.

కుట్టు అంచుకు 4 మి.మీ. లోపల, రంధ్రానికి రంధ్రం 4 మి.మీ. ఫైలు చుట్టుకొలత 1,700 మి.మీ., అంటే సుమారు 425 రంధ్రాలు. మైనం పట్టించిన 0.8 మి.మీ. పాలిస్టర్ దారం, కుట్టే పొడవుకు నాలుగు రెట్లు. మొత్తం ఒకే దారం పెట్టుకుంటే మొదట్లో ప్రతి కుట్టుకూ రెండు వైపులా కలిపి ఏడు మీటర్ల దాకా గుంజాలి, దారం నూలు తేలిపోతుంది. 45 సెం.మీ. కుట్టుకు 1.8 మీటర్ల చొప్పున తీసుకుని, కలిసే చోట రెండు కుట్లు వెనక్కి వేస్తే చాలు. ఒకే రంధ్రంలో రెండు సూదులు ఎదురెదురుగా దూర్చే కుట్టే వేయాలి. అందులో ఒక దారం తెగినా రెండోది పట్టి ఉంచుతుంది. ఆరెను (రంధ్రం చేసే మొనను) ప్రతిసారీ ఒకే వాలులో దింపాలి, లేకపోతే వెనక వైపు కుట్టు వంకర తిరుగుతుంది.

ఇదంతా లెక్కేస్తే చేతి పని తక్కువైన రోజుల్లో కూడా ఆరేందుకు వదలాల్సిన విరామాలతో కలిపి ఒక ఫైలుకు ఆరు రోజులు పడుతుంది. సదస్సు రేపనగా వచ్చి పాతిక ఫైళ్లు అడిగేవారికి ప్రెస్సులో వేడి అచ్చు కొట్టినవే దొరుకుతాయి. వాటిని చేతి నగిషీ అని అమ్మితేనే అభ్యంతరం. అచ్చు కొట్టినదానికి లోతు అంతటా ఒకేలా ఉంటుంది, గీతలో కత్తి కోత కనిపించదు. రెక్సిన్ అయితే కోసిన అంచులో గుడ్డ నూలు పోగులు తేలతాయి. కొనేవాళ్లు ఈ రెండూ చూస్తే చాలు.

2023 సెప్టెంబరు 17న మొదలైన పీఎం విశ్వకర్మ పథకంలో ఉన్న 18 వృత్తుల్లో చర్మకారుల వృత్తి ఒకటి. 5 నుంచి 7 రోజుల ప్రాథమిక శిక్షణ, రోజుకు 500 రూపాయల భత్యం, పనిముట్లకు 15,000 రూపాయల వరకు ఈ-వోచర్ ఉన్నాయి. ఫైళ్లు, సంచుల వైపు రావాలనుకునేవారికి శిక్షణ ఇచ్చేవాళ్లను మేం కోరేది ఇది: మొదటి రెండు రోజులు డిజైన్లు వద్దు. అరచేతి వెడల్పు బెరడు తోలు ముక్కలు ఇచ్చి, ఒకటి ఎక్కువ తడిగా, ఒకటి తక్కువ తడిగా, ఒకటి సరిగ్గా పదునులో గుద్దించండి. ఆ మూడింటినీ ఆరాక పక్కపక్కన పెట్టి చూపించండి. వోచరుతో కుట్టు మిషను కొనే తొందర కూడా వద్దు. మంచి వాదర ఉన్న కత్తి, ఆరేడు అచ్చులు, బండ, గూటం, ఆరెలు, సూదులు ముందు.

వ్యాసాలు చదివి ఇప్పటికే క్రోమ్ తోలు కొనేసినవారు దాన్ని పారేయనక్కర్లేదు. 1 మి.మీ. లోపు ఉంటే అది అస్తరుకు, జేబులకు, కలం పట్టీకి చక్కగా సరిపోతుంది. పైన నగిషీ కవరుకు మాత్రం రెండున్నర చదరపు అడుగుల బెరడు తోలు విడిగా తెప్పించుకోవాలి.

– తోలు పనివారు కొందరు, హనుమకొండ